బాత్రూమ్, వెయ్యి పేసోలు

అట్టముక్క మీద మనవరాలు యులియెత్ రాసిపెట్టింది:
"బాత్రూమ్. వెయ్యి పేసోలు. నీళ్ళు పోయండి."
తలుపుకి మేకు కొట్టి తగిలించాను.
డిసెంబర్ ఏడు నుంచి ముగ్గురు రాజుల పండగ దాకా
నా వ్యాపారం అదే.

బొగోతా నుంచి నాలుగు గంటల దారి.
కొండ పొడుగునా కార్లు,
చీమలబారు అందామంటే చీమలు హారన్ కొట్టవు.
దిగినవాళ్ళకి ముందు చలి తెలుస్తుంది,
తర్వాత వెలుగు,
ఆ తర్వాత మా తలుపు.

చర్చి ముందు ప్లాజాలో హంస ఉంది.
ఏడు మీటర్లు. మెడకే నాలుగు వేల సీసాలు.
ఆగస్టు నుంచి కోశాం.
పాలు పితికాక, బంగాళాదుంపలు తవ్వాక,
బడి హాల్లో పదహారుమంది ఆడవాళ్ళం
కత్తెరలతో, బొబ్బలతో,
ఒకరి కోడల్ని ఒకరం ఆడిపోసుకుంటూ
కూల్‌డ్రింక్ సీసాల్ని ఈకలు చేశాం.
ఎలియేసెర్ ఒక్కో ఈక వెనక ఒక్కో బల్బు కూర్చాడు.
మా ఊళ్ళో ఎవరూ హంసని చూసి ఎరగరు.
అతను క్యాలెండర్ చూసి గీశాడు.
కొంచెం బాతు పోలిక వచ్చింది.
ఎవరం పైకి అనలేదు.

సంగతేమిటంటే, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే.
హంస, దేవదూతలు, పదకొండు జింకలు,
గంటస్తంభం మీంచి జారే నీలం జలపాతం,
అన్నీ ఒకేసారి వెలగాలంటే
పై వీధి ఆరిపోవాలి.
మేయర్ ఇంటింటికీ వచ్చి అడిగాడు, టోపీ తీసి మరీ.
ఆరున్నర నుంచి పదకొండు దాకా.
పై వీధి అంటే మేమే.

ఆ రాత్రి బోణీ ఒక పిల్లాడిది.
ఏడేళ్ళుంటాయి. మోకాళ్ళు దగ్గరగా నొక్కుకుని నిలబడ్డాడు.
వెనక తండ్రి, చేతిలో ఫోను, ఫోన్లో హంస.
"లోపల లైటు లేదేంటి?"
"మీరు చూసొచ్చారు కదా, అదే" అన్నాను.

కొవ్వొత్తి ఇస్తే చెయ్యి కాల్చుకుంటాడు.
మేకుకి వేలాడుతున్న అన్సెల్మో గని హెల్మెట్ దించి
వాడి తలకి పెట్టాను.
చెవులు రెండూ మునిగిపోయాయి.
మీట నొక్కగానే
మసిగోడ, ఉల్లిపాయల జడ,
పొయ్యి పక్క కుక్క తెరిచిన ఒంటికన్ను,
ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

పని ముగిసినా వాడు బయటికి రాడు.
వెతికితే పెరట్లో ఉన్నాడు.
కోళ్ళగూట్లోకి వెలుగు వేసి
ఒక్కో కోడి పేరూ అడుగుతున్నాడు.
కోళ్ళు విసుక్కుంటున్నాయి.

తొమ్మిదింటికి వరస వీధి మలుపు దాటింది.
సగం మందికి అవసరం లేదు,
హెల్మెట్ కావాలి.
యులియెత్ అట్టముక్క కింద ఇంకో గీత చేర్చింది:
"హెల్మెట్‌తో అయితే పదిహేను వందలు."

ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఆ దీపంతో అన్సెల్మో చూసింది బొగ్గే.
నలుపు మీద వెలుగు వేస్తే ఏం కనిపిస్తుంది,
ఇంకాస్త నలుపు, అనేవాడు.
ఆదివారం ప్లాజాలో కూర్చున్నా
కళ్ళు చిట్లించుకునే ఉండేవాడు.
ఈ హంసని చూస్తే ఏమనేవాడో.
బాతు అనేవాడు.

పదిన్నరకి దీపం నీరసించి
చివరి పిల్ల తల మీద ఆరిపోయింది.
పదకొండుకి హంస.
పై వీధి బల్బులు పసుపు పచ్చగా,
ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లా తడబడుతూ వచ్చాయి.
కార్లు కొండ దిగాయి.

డబ్బా బరువుగా ఉంది. రేపు లెక్కపెడతాం.
ప్లాజా నిండా ఖాళీ సీసాలు,
వాళ్ళు తాగి వదిలినవి.
గోనె పట్టుకుని వెళ్ళేసరికి
అప్పటికే పదిహేనుమంది వంగి ఏరుతున్నారు.
వచ్చే ఏడు నెమలి అట.
ఎలియేసెర్ క్యాలెండర్ వెతుకుతున్నాడు.
నెమలికి తోక పెద్దది,
కింది వీధి కూడా ఆర్పాలి, అంటున్నాడు.

సరేలే అన్నాను.
హెల్మెట్ చార్జింగ్‌కి పెట్టే వచ్చాను.